మా అత్త ఇచ్చిన వాంగ్మూలం

వేసవి సెలవులైపోయి బడి తెరిచిన రోజున మా హెడ్మాస్టరుగారు తొమ్మిదో తరగతిని పై అంతస్తుకి మార్చారు. కింద గదుల్లో చిన్నపిల్లలుంటే మంచిదని. సబబైన మాటే. తొమ్మిదో తరగతికి తెలుగు చెప్పేది నేను. గంట కొట్టగానే హాజరుపట్టీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. సగం ఎక్కి, మలుపు దగ్గర ఆగి, ఫోనొచ్చినట్టు చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు. ఊపిరి అందేదాకా “ఊ... ఊ... సరే” అంటూ గోడకి ఆనుకుని నిలబడ్డాను.

రోజూ అదే నాటకం. పిల్లలకి తెలియదనుకున్నాను. కొన్నాళ్ల తరవాత చూస్తే ఆ మలుపులో ఎవరో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచారు. ఎవరు వేశారని అడగలేదు. అందులో కూర్చోనూ లేదు. ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చాను. ఎవరో వెక్కిరించి ఉంటే అంత ఏడుపొచ్చేది కాదు.

మాది కళింగపట్నం. మా నాన్న సముద్రంమీద వేటకెళ్లేవాడు. నన్ను డిగ్రీ చదివించి, ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.ఏ. కూడా చేయించి, చివరికి తన సొంత చెల్లెలి కొడుక్కే ఇచ్చి పెళ్లి చేశాడు. అంచేత మా అత్త నాకు అత్త కాకముందే మేనత్త. బావ వేటకెళ్లడు. పడవలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్లి చేపలు కొని, ఐసు వేసి శ్రీకాకుళానికీ అవతలికీ పంపుతాడు. అత్త నెత్తళ్లూ కవళ్లూ లాంటి చిన్నచేపల్ని ఇసకలో ఎండబెట్టి సంతల్లో అమ్మిస్తుంది. మా ఇంట్లో ఏ మాటైనా పైకే అనుకుంటాం. దాచుకోవడం మాకు రాదు.

లావు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు బొద్దుపిల్లనన్నారు. పెళ్లినాడు నిండుగా ఉన్నానన్నారు. పెద్దది పుట్టాక ఒళ్లు చేశానన్నారు. చిన్నవాడు పుట్టాక మాత్రం అది మాటలతో పోయే సంగతి కాకుండా పోయింది. షుగరొచ్చింది. మోకాళ్లు పట్టేశాయి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. “నువ్వు గురకెడితే నాకు బెంగనేదు. ఆపీసినప్పుడే బెంగ,” అన్నాడు బావ ఒకసారి. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

తగ్గడానికి చెయ్యని పని లేదు. కొబ్బరినూనె తాగే పద్ధతి ఒకటి ఊళ్లన్నిటినీ ఊపిన రోజుల్లో నేనూ గుటకలేసి తాగాను. ఉలవకట్టు తాగాను. అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను. తెల్లారగట్ల ఒడ్డున నడిచేదాన్ని. చేపలారబెట్టే ఆడవాళ్లు ఆపి, “ఎటెల్తన్నావే?” అని అడిగేవారు. ఊరికే నడుస్తున్నానంటే నమ్మేవారు కాదు. మా ఒడ్డున పని లేకుండా నడిచేవాళ్లుండరు. ప్రతిసారీ కొంత తగ్గేదాన్ని. తగ్గింది తగ్గినట్టే, పక్క ఊరెళ్లిన చుట్టంలా తిరిగొచ్చేది, వచ్చేటప్పుడు ఇంకొకర్ని వెంటబెట్టుకుని.

శ్రీకాకుళంలో నా షుగరు చూసే డాక్టరుగారు పెద్దాయన. తక్కువ మాట్లాడతారు. ఒకరోజు రిపోర్టులన్నీ పక్కన పెట్టి, “అమ్మా, ఇది నీ నోటిదగ్గర ఆగే వ్యవహారం కాదు. విశాఖపట్నంలో కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేస్తారు. ఒకసారి చూపించుకో,” అన్నారు. నేను తల దించుకున్నాను. “నేను తిండి ఆపుకోలేనంటారా?” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను సూటిగా చూశారు. “కళ్లు కనబడనివాడికి జోడు రాస్తే వాడి చేతకానితనమా?” అన్నారు. అంతవరకూ నా ఒంటి గురించి నాతో ఎవరూ అలా మాట్లాడలేదు.

ఇంట్లో చెప్పేసరికి అత్త చేతిలో చాట కింద పెట్టేసింది.

“కడుపు కోయించుకుంతావా? ఓలమ్మో! బాగున్న కడుపుని కోసీడానికి వాలెవులు?”

“బాగుంటే ఎందుకు కోస్తారత్తా?”

“ఒక పూట తిండి ఒగ్గీ. అదే తగ్గుతాది.”

“ఎన్నిసార్లు ఒగ్గీలేదు? నువ్వే సూసినావు కదా.”

అత్త మళ్లీ చాట అందుకుంది. బావ రాత్రి అన్నం తినేటప్పుడు, “మనకి పాలసీ ఉన్నాది కదే,” అన్నాడు. పెద్దదానికి పసితనంలో జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చినప్పుడు భయపడి, ఆ తరవాత తీసుకున్న ఆరోగ్య బీమా అది. ఏటా మానకుండా కడుతూ వచ్చాం. నా బరువు కూడా ఉన్నది ఉన్నట్టే అప్పట్లో రాయించాం. ఏజెంటు “కాస్త తగ్గించి రాద్దామా?” అంటే బావ ఒప్పుకోలేదు.

విశాఖపట్నం ఆసుపత్రిలో సర్జను పరీక్షలన్నీ చేయించారు. నిద్రలో ఊపిరెలా ఆడుతోందో చూసే పరీక్ష కూడా అందులో ఉంది. ఆపరేషన్ చెయ్యొచ్చన్నారు. తరవాత మమ్మల్ని కింద అంతస్తులో ఇన్సూరెన్స్ కౌంటరుకి పంపారు. అక్కడున్న అమ్మాయి మర్యాదగా, గబగబా చెప్పింది.

“మేడం, ఇదివరకు కంపెనీలు దీన్ని అందానికి చేయించుకునే ఆపరేషన్ కింద లెక్కేసేవి. ఇప్పుడు ఇస్తున్నారు. కానీ ఎత్తుకీ బరువుకీ లెక్కగట్టిన అంకె ఒక గీత దాటి ఉండాలి. దానివల్ల వచ్చిన పెద్ద జబ్బు ఉండాలి. ఆపరేషన్ లేకుండా తగ్గడానికి డాక్టరు దగ్గర ప్రయత్నించి, తగ్గలేదని చూపించాలి. ముందు అనుమతి అడుగుదాం.”

అనుమతి అడిగారు. జవాబుగా ప్రశ్నొచ్చింది. తగ్గడానికి ఏం ప్రయత్నాలు చేశారు, ఎవరి పర్యవేక్షణలో, రుజువులు పంపండి అని. నేను బావవైపు చూశాను. నా యవ్వనమంతా ఆ ప్రయత్నంలోనే గడిచింది. దానికి రుజువేది? తాగిన ఉలవకట్టుకి రసీదెవరిస్తారు? చుట్టాలింట పెళ్లిలో అందరూ బంతిలో కూర్చుంటే, నేను కడుపునొప్పని పక్కన కూర్చున్నందుకు సాక్ష్యమెవరు?

శ్రీకాకుళం డాక్టరుగారే దారి చూపించారు. “నా దగ్గరే మొదలెట్టు. ఆహారం నేను రాసిస్తాను. నెలనెలా వచ్చి బరువు చూపించుకో. తగ్గితే ఆపరేషన్ అవసరమే ఉండదు, సంతోషం. తగ్గకపోతే చేసినట్టు కాగితం ఉంటుంది.”

ఆ నెలల గురించి చెప్పడం కష్టం. నేను మనస్ఫూర్తిగా ప్రయత్నించాను. కొలిచి తిన్నాను. మొదట్లో తగ్గాను. ఒక నెల డాక్టరుగారి మిషనెక్కి దిగేసరికి, ఇంకొంచెం తగ్గితే కంపెనీవాళ్ల గీత కిందకి వచ్చేస్తానని తెలిసింది. ఆరోగ్యం బాగైందా అంటే లేదు. షుగరు అలాగే ఉంది, ఊపిరీ అలాగే ఉంది. కానీ కంపెనీ లెక్కలో నేను బాగుపడ్డదాన్నైపోతాను. బయటికొచ్చి మెడికల్ షాపు అరుగుమీద కూలబడ్డాను.

“బరువు తగ్గితే ఏడుస్తావేటే?” అన్నాడు బావ కంగారుగా.

“తగ్గి నిలబడదు బావా. మళ్లీ వచ్చీస్తాది. అప్పటికి అనుమతి పోద్ది.”

బావ నా పక్కనే కూర్చున్నాడు. “మనకి తెలిసిన నాయం ఏటంటే డాక్టరు సెప్పినట్టు సెయ్యడం. ఆ మిగతాది మన సేతిలో నేదు,” అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం వంటింట్లో అన్నం గిన్నె ముందు నిలబడ్డాను. ఇంకో రెండు గరిటెలు పెట్టుకుంటే గీత పైనే ఉంటాను కదా అనిపించింది. మూత చేతిలోనే ఉంది. జబ్బుగా ఉండటానికి తినాలా అని నా మీద నాకే అసహ్యమేసింది. మూత పెట్టేసి బయటికొచ్చేశాను. నేనేమీ చెయ్యకుండానే తరవాతి నెలల్లో బరువు ఎప్పట్లాగే తిరిగొచ్చింది. డాక్టరుగారు అంకె రాసుకుని, “తప్పు నీది కాదు,” అన్నారు. ఆ మాట ఆయన అడక్కుండానే ప్రతినెలా అనేవారు.

కాగితాలన్నీ మళ్లీ వెళ్లాయి. ఈసారి కంపెనీవాళ్లు విచారణకి మనిషిని పంపుతామన్నారు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు. నేను బడిలోనూ, బావ ఒడ్డునా ఉన్నప్పుడు వచ్చాడు. ఇంట్లో అత్త ఒక్కర్తే ఉంది.

సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెట్టకముందే అత్త మొదలుపెట్టింది. మొహం వెలిగిపోతోంది.

“ఓలమ్మీ, ఇన్సూరెన్సు బాబొచ్చినాడు. బాగా మాటాడినాడు. టీ ఇచ్చినాను. నీ గురించి అడిగినాడు. నాను మరి ఊరుకుంతానా? ‘సిన్నప్పట్నించీ ఉన్నాది బాబూ దీనికీ జబ్బు. పుట్టుకతోనే వచ్చినాది. సుగరూ అదీ ఆల వంశంలోనే ఉన్నాది. మీరు సెయ్యకపోతే ఎవులు సేస్తారు?’ అని గట్టిగా సెప్పీసినాను. ఏలుముద్ర కూడా ఏసినాను.”

నేను నిలబడ్డచోటే ఆగిపోయాను. “షుగరు చిన్నప్పట్నించీ అని చెప్పినావా అత్తా?”

“జబ్బు సిన్నప్పట్నించీ అన్నాను. అలా సెప్తేనే కదే ఆలకి జాలి వస్తాది!”

పాలసీ తీసుకోకముందే జబ్బుండి, దాన్ని దాచిపెడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. ఆ ఆనందాన్ని పాడుచెయ్యకుండా లోపలికెళ్లిపోయాను. బహుశా ఆ అబ్బాయి అర్థం చేసుకుని ఉంటాడులే అనుకున్నాను.

అర్థం చేసుకోలేదు. కొన్ని రోజులకి ఆసుపత్రి కౌంటరు అమ్మాయి ఫోన్ చేసి, అనుమతి ఇవ్వలేదని చెప్పింది. పాలసీకి ముందునుంచే మధుమేహం ఉందనీ, ఆ విషయం మేము దాచామనీ, ఇంట్లో పెద్దావిడ స్వయంగా చెప్పి వేలిముద్ర వేశారనీ కారణం రాశారు. ఆ సాయంత్రం బావ ఫోన్లో వచ్చిన ఉత్తరాన్ని పైకి చదివాడు. చదవడం మొదలుపెట్టినప్పుడు అత్త అక్కడే ఉందని మా ఇద్దరికీ తోచలేదు.

“నా పేరెట్టినారా?” అంది నెమ్మదిగా.

బావ ఫోన్ పక్కన పెట్టాడు. “నీ తప్పు కాదులేవే అమ్మా.”

“మరెవుల తప్పు?”

నాకు కోపం రాలేదంటే అబద్ధం. గొంతుదాకా వచ్చింది. ఆవిడ మొహం చూశాక మింగేశాను. మరునాడు పొద్దున్న అత్త చేపలారబెట్టడానికి వెళ్లలేదు. గుమ్మం పక్కన గోడకి చేరబడి కూర్చుంది. అన్నం పెడితే, “ఆకలిగా నేదు,” అంది. మూడు పూటలా చేపలేనిదే ముద్ద దిగని మనిషి, చారునీళ్లు కూడా ముట్టలేదు. పక్కింటివాళ్లొచ్చి ఏమైందని అడిగితే, “నా నోరు కాలిపోనూ. గుంటదాని బతుకుమీద ఏలుముద్ర ఏసీసినాను,” అని చెప్పుకుంది.

ఏజెంటుని అడిగితే, కంపెనీలోనే పైవాళ్లకి ఫిర్యాదు పెట్టుకోవచ్చన్నాడు. విజయనగరంలో వాళ్ల కార్యాలయముంది, నేరుగా వెళ్లి మాట్లాడితే మంచిదన్నాడు. శ్రీకాకుళం డాక్టరుగారు, నా షుగరు మొదటిసారి తన దగ్గరే బయటపడిందనీ, అది చిన్నవాడు పుట్టిన తరవాతేననీ, ఆ కాన్పుకి ముందు చేసిన రక్తపరీక్షల్లో షుగరు లేదనీ రాసి సంతకం చేసి ఇచ్చారు. బావా నేనూ బయలుదేరుదామనుకున్నాం.

“నానూ వస్తాను,” అంది అత్త.

“నీకెందుకమ్మా? ఎండ,” అన్నాడు బావ.

“ఏలుముద్ర నాది. సెప్పింది నాను. దిద్దుకోవలసింది కూడా నానే.” అప్పటికే చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని ఉంది. ఆ రోజు పెద్ద బేరముందని ఎవరో పిలవడంతో బావే ఉండిపోయాడు. అత్తా నేనూ ఆమదాలవలస స్టేషనుకొచ్చి పాసింజరెక్కాం.

బండి కిక్కిరిసి ఉంది. ఒకాయన జరిగి చోటిచ్చాడు. నేను కూర్చున్నాక పక్కనున్నావిడ చీర సర్దుకుంటూ, “ఇద్దరి టిక్కెట్టు తీసుకోవాలండి మీరు,” అని నవ్వింది. ఇలాంటి మాటలకి నేనెప్పుడూ నవ్వేస్తాను. ఆ రోజూ నవ్వాను. అత్త నవ్వలేదు.

“తీసినాం. నాదొకటి, దానిదొకటి. నా సోటు కూడా దానికే ఇచ్చీసినాను. నీకేటి?” అని, వెళ్లి తలుపు దగ్గర నేలమీద కూర్చుంది. ఏళ్లతరబడి చేపల గంపతో రైళ్లలో అలా కూర్చుని తిరిగిన మనిషి. కాసేపటికి నేనూ లేచి వెళ్లి అత్త పక్కన నేలమీద కూర్చున్నాను. కూర్చోడానికి ఆవిడే చెయ్యిచ్చింది.

చీపురుపల్లిలో వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్ కోసం చాలాసేపు ఆపేశారు. పల్లీలవాళ్లూ టీవాళ్లూ వచ్చిపోతున్నారు. అత్త ప్లాట్‌ఫారంవైపు చూస్తూ ఉన్నట్టుండి అంది:

“మా అన్న ఎలాగ పోనాడో నీకు తెలుసా?”

మా నాన్న గురించే. నిద్రలో గుండె ఆగిపోయిందని తెలుసు. అప్పుడు నేను చిన్నవాడి కాన్పుకని ఆసుపత్రిలో ఉన్నాను. కడసారి చూపు కూడా దక్కలేదు.

“ఆ ముందునాడు మా ఇంటికొచ్చి పడుకున్నాడు. పెద్ద గురక. మధ్యలో ఆగిపోయీది. మల్లీ వచ్చీది. మాకేటి తెలుసు? గురకే కదా అనుకున్నాను. ‘ఒళ్లు బరువు, అందుకే’ అని నవ్వినాను కూడాను.” చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. “ఇప్పుడు నువ్వలాగే పడుకుంతన్నావు. అదే గురక. అదే ఆగడం. నాకు రోజూ ఇనిపిస్తాది. కోయించుకోవద్దంది ఎందుకనుకున్నావు? కోస్తే ఆ బల్లమీదే పోతావేమోనని బయం. కోయించుకోకపోతే అన్నలాగ పోతావేమోనని బయం. ఆ బాబొచ్చి అడిగీసరికి, మా అన్నే కల్లముందు కనబడినాడు. అందుకే సిన్నప్పట్నించీ అనీసినాను. మా అన్నకి సిన్నప్పట్నించీ ఒళ్లు బరువే కదా మరి.”

ఎక్స్‌ప్రెస్ దడదడమని వెళ్లిపోయింది. మా బండి కదిలింది. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. ఎండుచేపల వాసనొచ్చే చెయ్యి. మొన్నటిదాకా గొంతులో ఉన్న కోపం ఏమైపోయిందో తెలియలేదు.

విజయనగరం కార్యాలయంలో మమ్మల్ని చాలాసేపు బెంచీమీద కూర్చోబెట్టి, చివరికి ఒక అధికారిణి దగ్గరికి పంపారు. నా వయసే ఉంటుంది. బల్లమీద సగం తిన్న అన్నం డబ్బా పక్కకి నెట్టి, “చెప్పండి,” అంది. నేను డాక్టరుగారి ఉత్తరమిచ్చి, జరిగింది చెప్పాను. ఆవిడ కంప్యూటరులో మా ఫైలు తెరిచి చదివింది.

“ఉత్తరం బాగానే ఉంది. కానీ ఇక్కడ కుటుంబ సభ్యురాలి వాంగ్మూలం వేరేగా ఉందండి. రెండూ పొసగడం లేదు.”

“ఆ సభ్యురాల్ని నానే,” అంది అత్త, అడక్కముందే కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “సెప్పింది నానే. తప్పు సెప్పినాను. మల్లీ సెప్పడానికొచ్చినాను.”

అధికారిణి ఒక్క క్షణం ఆవిణ్ణి చూసి, కీబోర్డు దగ్గరికి లాక్కుంది. “అమ్మా, చిన్నప్పట్నించీ జబ్బు ఉందన్నారు. ఏ జబ్బు?”

“లావు. మరేటి?”

“షుగరు కాదా?”

“సుగరు సిన్నోడు పుట్టినాక వచ్చినాది. లావు సిన్నప్పట్నించీ. లావుని మావు జబ్బనే అంతాం.”

“వాళ్ల వంశంలో షుగరుందన్నారు?”

“ఆల నాయినకి ఉన్నాది. ఆడు మా అన్న. ఆడి జబ్బు దీనిదెలాగవుతాది? ఆడి ముక్కు దీనికొచ్చినాది. సుగరు మాత్రం తరవాతొచ్చినాది.”

అధికారిణి పెదవి బిగపట్టి నవ్వాపుకోవడం నేను చూశాను. టైపు చేసి, ప్రింటు తీసి, వేలిముద్రల సిరా ప్యాడ్ అత్తవైపు జరిపింది. అత్త చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ముందు సదివి ఇనిపించమ్మా. మొన్న ఆ బాబు సదవలేదు. నానూ అడగలేదు. అందుకే ఇంత దూరమొచ్చింది.”

అధికారిణి నవ్వు మాయమైంది. కాగితం తీసుకుని మొదటినుంచీ చివరిదాకా నెమ్మదిగా చదివింది. ఒకచోట ‘ఊబకాయం’ అని వస్తే అత్త ఆపి, అదేమిటని అడిగింది. లావేనని చెబితే, “అయితే అలాగే ఉండనీ,” అని ఒప్పుకుని వేలు అద్దింది. లేచేటప్పుడు ఆ అధికారిణి నాతో మెల్లగా, “నేను పంపిస్తానండి. నా చేతిలో ఇంతవరకే ఉంది. మీ అత్తగారు రావడం మంచిదైంది,” అంది.

తరవాత ఎదురుచూపు. ఏజెంటు రేపంటాడు, ఎల్లుండంటాడు. నేను ఆశ వదులుకోవడం అలవాటు చేసుకున్నాను. అత్త మాత్రం అన్నం తినడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం మేమిద్దరం పెరట్లో రొయ్యలు ఒలుస్తుంటే బావ ఒడ్డునుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. ఫోన్ నా మొహమ్మీద పెట్టాడు. చేతులు తడిగా ఉన్నాయి, పట్టుకోలేను. ఆయనే పట్టుకుంటే చదివాను. అనుమతి ఇచ్చారు.

“ఏటన్నారు?” అంది అత్త.

“ఇచ్చినారత్తా.”

ఆవిడ రొయ్య తల తుంచి పక్కన పడేసి, “ఇవ్వకేం సేస్తారు,” అంది. కాసేపటికి లేచి లోపలికెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు.

ఆపరేషన్ రోజు గురించి నాకు గుర్తున్నది తక్కువ. తెల్లటి దీపాలు, చలి, సర్జను “మీ ఊరి సంగతి ఏదైనా చెప్పండి” అనడం, నేను వంశధార సముద్రంలో కలిసేచోటు గురించి చెబుతూ నిద్రలోకి జారిపోవడం. కళ్లు తెరిచేసరికి కడుపులో మంట, గొంతులో పొడి. తలుపు దగ్గర అత్త నిలబడి ఉంది. నర్సు లోపలికి రావద్దంటే, “ఊపిరాడతందా, సూసి ఎలిపోతాను,” అని అక్కణ్ణించే నా గుండెవైపు చూస్తోంది.

అంతా సుఖంగా జరిగిందని చెప్పను. మొదటి వారాలు చెంచాతో నీళ్లు తాగడమే పని. ఒకరోజు తొందరపడి రెండు గుటకలు ఎక్కువ తాగి వాంతి చేసుకుని, ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చాను. జుట్టు ఊడింది. చేతుల కింద చర్మం వేలాడింది. ఊళ్లో కొందరు, “నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నాది,” అన్నారు. మరికొందరు మొహం చూసి, “ఏటి జబ్బు సేసింది?” అని జాలిపడ్డారు. లావుగా ఉన్నన్నాళ్లూ జబ్బు కాదన్నవాళ్లే, తగ్గాక జబ్బన్నారు. కానీ షుగరు మాత్రలు తగ్గాయి. మోకాళ్లు నెమ్మదించాయి. నిద్ర నిద్రలా ఉంది. పూర్తి సన్ననిదాన్ని కాలేదు, అవుతానని సర్జనూ చెప్పలేదు.

మొన్న ఒకావిడ ఫోన్ చేసింది. విజయనగరంలో బట్టల షాపున్న కుటుంబమట. నా నంబరు ఆసుపత్రివాళ్లు నన్నడిగే ఇచ్చారు. కంపెనీ తనని ప్రయత్నాల రుజువులు అడిగిందని, ఏం పంపాలో తెలియడం లేదని చెప్పింది. తెలిసిందంతా చెప్పాను. డాక్టరు దగ్గర నెలనెలా చూపించుకోమన్నాను. విచారణకి ఎవరైనా వస్తే ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచమన్నాను, రాసిందేదైనా చదివించుకుని మరీ సంతకం పెట్టమన్నాను.

ఆవిడ అన్నీ రాసుకుంది. తరవాత, “ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదండి. షాపులో కౌంటరు వెనక కూర్చుంటాను, లేవను. లేస్తే నడక చూస్తారని. మా ఆయనక్కూడా తెలియదు, ఇలా అడుగుతున్నానని,” అంది. నేను తొందరపెట్టలేదు. మా పిల్లల గురించి, వాళ్ల పిల్లల గురించి మాట్లాడుకున్నాం. పోలిపల్లి దగ్గర వాళ్ల అమ్మగారిల్లనీ, అక్కడ మామిడిపళ్ల రోజుల్లో నోరు కట్టుకోవడం తనకి ఎంత కష్టమో చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. పెట్టేసే ముందు, “మా ఆయన భోజనానికి వస్తారు ఇప్పుడు. అడుగుతాను ఆయన్ని, నాతో డాక్టరు దగ్గరికి రమ్మని,” అంది.